నాలుగు పాదాల పద్యాన్ని విప్పి చూడటం ఎలా: గణాలు, యతి, ప్రాస, పునరుక్తి

పద్యం చేతికివ్వగానే చాలామంది చేసేది ఒకటే. గణాలు (గురులఘువుల గుంపులు) కట్టి, "ఇది కందం" అని తేల్చి, కింద గీత గీసేస్తారు. అక్కడికి సగం పని కూడా కాలేదు. ఛందస్సు కవికి కొన్ని చోట్ల కట్టుబాటు పెడుతుంది, మిగతా చోట్ల స్వేచ్ఛగా వదిలేస్తుంది. ఏ శబ్దం నియమం వల్ల వచ్చింది, ఏది కవి తానుగా వేశాడు అన్నది విడదీసి చూపగలిగితేనే దాన్ని విశ్లేషణ అనొచ్చు. ఆ విడదీసే పని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో మూడు చిన్న నమూనాల మీద చూద్దాం: ఒక కందం, ఒక ఆటవెలది, ఒక గేయం.

ముందు శుద్ధ ప్రతి

పద్యాన్ని చేత్తో రాసుకోండి. పాదానికి ఒక వరుస, వరుసకూ వరుసకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ. గురులఘువులు పైన, గణాల పేర్లు కింద వేయాలి కాబట్టి ఆ చోటు అవసరం. తెర మీద చూస్తూ మనసులో లెక్కపెడితే మూడో పాదానికల్లా తప్పుతుంది.

పాఠం సరైనదో కాదో ఇక్కడే చూసుకోవాలి. సుమతీ శతకంలోని ఈ కందం అందరికీ నోటికి వచ్చిందే:

ఉపకారికి నుపకారము
విపరీతముగాదు సేయ వివరింపంగా
నపకారికి నుపకారము
నెపమెన్నక సేయువాడు నేర్పరి సుమతీ

రెండో పాదం చివర "వివరింపగా" అని రాసుకుంటే సున్న ఒక్కటి పోయింది కదా అనిపిస్తుంది. కానీ పాదంలో ఒక మాత్ర (పలికే కాలానికి కొలత) తగ్గి చివరి గణం విరిగిపోతుంది. నాలుగో పాదంలో "సేయువాడు" బదులు "సేయువాడే" అంటే ఒక మాత్ర పెరుగుతుంది. ఈ రెండూ చెవికి సహజంగానే వినిపిస్తాయి, అందుకే ప్రమాదం. గణం కుదరనప్పుడు కవిని అనుమానించే ముందు మీరు రాసుకున్న ప్రతిని అనుమానించండి. నూటికి తొంభై సార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

పదాల మధ్య సంధిని విడగొట్టి "ఉపకారికి ఉపకారము" అని ఆధునికం చేయకండి. ఇక్కడ లెక్క చెడకపోయినా, యతి (పాదం మొదటి అక్షరంతో పాదం లోపలి ఒక అక్షరం కలవడం) చూసేటప్పుడు ఆ "ను" ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి. "ఉపకారికిన్" అనే మాట చివరి పొల్లు నకారం "ఉపకారము"తో కలిసి "నుపకారము" అయింది. మూడో పాదం మొదట్లో "నపకారికి" కూడా అంతే: "వివరింపంగాన్" చివరి నకారం పాదం దాటి వచ్చి అకారంతో కలిసింది.

అక్షరాలు, గురువులు, లఘువులు

ఛందస్సులో అక్షరం అంటే ఒక్క ఊపిరిలో పలికే ముక్క. "స్త్రీ" ఒక్కటే అక్షరం, కంప్యూటర్ దాన్ని ఆరు గుర్తులుగా లెక్కపెట్టినా సరే. పొల్లు హల్లును విడిగా లెక్కపెట్టకూడదు, ముందున్న అక్షరానికి చేర్చేయాలి. "మేల్" ఒక అక్షరం, రెండు కాదు.

ఇప్పుడు ఒక్కో అక్షరం పైన గురువుకు గిన్నె గుర్తు, లఘువుకు నిలువు గీత వేయండి. ఇక్కడ రాతలో సౌలభ్యం కోసం గ, ల అని రాస్తున్నాం. గురువు అయ్యేవి: దీర్ఘాలు, ఐ ఔ స్వరాలతో కూడినవి, పక్కన నిండు సున్న గానీ విసర్గ గానీ ఉన్నవి, పొల్లుతో ముగిసేవి, ద్విత్వానికీ సంయుక్తానికీ ముందున్నవి. మిగతావన్నీ లఘువులు. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి.

నియమం ఇంతే అయినా జారిపడే చోట్లు నాలుగున్నాయి.

ఒకటి, గురువు అయ్యేది ఒత్తు ఉన్న అక్షరం కాదు, దాని ముందుది. "ఎన్నక"లో "ఎ" గురువు, "న్న" లఘువు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒత్తు కనబడగానే దాని నెత్తినే గిన్నె పెడతారు.

రెండు, వట్రసుడి ఒత్తు కాదు. "వికృతి"లో "వి" లఘువే.

మూడు, అరసున్న దేన్నీ గురువు చేయదు. పాత ముద్రణల్లో "వాఁడు" అని కనిపిస్తుంది. అక్కడ "వా" గురువైంది దీర్ఘం వల్లే. "కలఁడు"లో "ల" లఘువు.

నాలుగోది అసలు చిక్కు: పక్క మాట మొదట్లో సంయుక్తాక్షరం ఉంటే ముందు మాట చివరి అక్షరం గురువవుతుందా? రెండూ ఒకే సమాసంలో ఉంటే అవుతుంది. "సుఖప్రాప్తి"లో "ఖ" గురువు. విడివిడి మాటలైతే తెలుగులో సాధారణంగా కాదు. "వాడు ప్రాణము" అంటే "డు" లఘువే. ఈ తేడా దగ్గర ఎంతోమంది లెక్క తప్పుతారు. కింద గేయంలో దీన్ని మళ్లీ చూస్తాం.

అనుమానం వస్తే పైకి చదవండి. పక్క అక్షరం మీదికి నొక్కి ఊనితే గురువు, తేల్చి పలికితే లఘువు. చెవి చాలావరకు సరిగ్గానే చెబుతుంది.

ఏ పద్యమో ముందు ఊహించండి

గణాలు కట్టే ముందు పాదాల పొడవు చూడండి. పొట్టి, పొడుగు, పొట్టి, పొడుగుగా ఉండి, చిన్న పాదం పెద్ద పాదంలో సగం కంటే కాస్త ఎక్కువగా ఉంటే కందం. నాలుగూ సమానంగా పొడుగ్గా ఉంటే వృత్తం. పాదానికి పది అక్షరాల నుంచి పదిహేడు దాకా ఉండి, అక్షర సంఖ్య పాదానికీ పాదానికీ మారుతుంటే ఆటవెలది గానీ తేటగీతి గానీ.

వృత్తాల సంగతి త్వరగా చెప్పేసుకుందాం, ఎందుకంటే వాటిలో గణాలు పోతపోసినట్టు ఉంటాయి, పట్టుకోవడం తేలిక. "యమాతారాజభానసలగం" అన్న సూత్రం గుర్తుంటే చాలు. ఏ గణం కావాలో ఆ అక్షరం నుంచి మూడు అక్షరాలు తీసుకుంటే ఆ గణం రూపం వస్తుంది: "భానస" అంటే గలల, భగణం. "సలగం" అంటే లలగ, సగణం. ఉత్పలమాల భ ర న భ భ ర వ (వ అంటే లగ), 20 అక్షరాలు, యతి పదో అక్షరం. చంపకమాల న జ భ జ జ జ ర, 21 అక్షరాలు, యతి పదకొండోది. శార్దూలం మ స జ స త త గ, 19 అక్షరాలు, యతి పదమూడోది. మత్తేభం స భ ర న మ య వ, 20 అక్షరాలు, యతి పద్నాలుగోది. ఇందులో ఒక కిటుకుంది. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల. శార్దూలం మొదటి గురువును అలాగే విడదీస్తే మత్తేభం. అందుకే రెండు జంటల్లోనూ యతి ఒక్క అక్షరం తర్వాతికి జరిగింది. పాదంలో మొదటి మూడు అక్షరాలు చూస్తే నాలుగింట్లో ఏదో తేలిపోతుంది.

కందం: గణాలు

కందంలో ప్రతి గణమూ నాలుగు మాత్రలే. వాడదగ్గవి ఐదు: గగ, భ (గలల), జ (లగల), స (లలగ), నల (లలలల). ఒకటి, మూడు పాదాల్లో మూడేసి గణాలు, రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి. అంటే 12, 20, 12, 20 మాత్రలు, మొత్తం 64. మొదటి రెండు పాదాలనూ కలిపి ఎనిమిది గణాల ఒక సగంగా చూడాలి, తర్వాతి రెండూ ఇంకో సగం. ఆ ఎనిమిదింట్లో బేసి స్థానాల్లో జగణం రాకూడదు. ఆరో గణం జగణమో నలమో అయి తీరాలి. ఎనిమిదో గణం చివర గురువు ఉండాలి.

నాలుగేసి మాత్రల దగ్గర నిలువు గీతలు కొట్టుకుంటూ వెళ్లండి:

ఉపకా | రికినుప | కారము : స, నల, భ
విపరీ | తముగా | దు సేయ | వివరిం | పంగా : స, స, జ, స, గగ
నపకా | రికినుప | కారము : స, నల, భ
నెపమె | న్నకసే | యువాడు | నేర్పరి | సుమతీ : స, స, జ, భ, స

("నెపమె" దగ్గర "మె" గురువు, పక్కన "న్న" ఉంది కాబట్టి.) ఎక్కడైనా గురువు నాలుగు మాత్రల గీతకు అడ్డం పడితే, అంటే గీత గురువు మధ్యలోంచి పోవాల్సి వస్తే, గురులఘువులు తప్పుగా వేసినట్టు. లేదా అది కందం కాదు. ఆరో గణాలు "దు సేయ", "యువాడు" రెండూ జగణాలు. నియమం నెరవేరింది.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. మీరు ఆగకుండా రెండు సగాల గణాలనూ ఒకదాని కింద ఒకటి రాయండి.

స, నల, భ, స, స, జ, స, గగ
స, నల, భ, స, స, జ, భ, స

మొదటి ఆరు గణాలూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఆరో గణం మినహా ఆ వరుసను నియమం అడగలేదు. బేసి స్థానాల్లో జగణం తప్ప, ఐదు రకాల గణాల్లో ఏవైనా వేసుకునే స్వేచ్ఛ కవికి ఉంది. అయినా రెండో సగం మొదటి సగం నడకే నడిచి, చివరి రెండు గణాల దగ్గర మాత్రం దారి మార్చింది. ఆ దారి మారిన చోటే "నేర్పరి సుమతీ" అన్న తీర్పు ఉంది. ఇది కాగితం మీద పక్కపక్కన పెట్టుకుంటేనే కనబడుతుంది.

యతి

పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ మైత్రి ఉండాలి. కందంలో అది రెండు, నాలుగు పాదాల్లోనే, నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర. మైత్రికి హల్లూ కలవాలి, అచ్చూ కలవాలి. అచ్చుల జట్లు మూడు: అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఋ ఒక జట్టు, ఉ ఊ ఒ ఓ ఇంకో జట్టు. హల్లుల్లో క ఖ గ ఘ, చ ఛ జ ఝ శ ష స, ట ఠ డ ఢ, త థ ద ధ, ప ఫ బ భ వ, న ణ తమలో తాము కలుస్తాయి. ప్రత్యేక యతులు ఇంకా చాలా ఉన్నాయి కానీ శతక పద్యాల్లో ఎక్కువ భాగం వీటితోనే తేలుతుంది.

మన కందంలో రెండో పాదం: వి, వి. అదే అక్షరం. నాలుగో పాదం: నె, నే. హల్లు ఒకటే, అచ్చులు ఒకే జట్టు. రెండూ చెల్లాయి.

యతి లెక్కలో తరచూ జరిగే పొరపాటు, స్థానాన్ని అక్షరాలతో లెక్కపెట్టడం. వృత్తాల్లో అక్షర సంఖ్య, జాతుల్లోనూ (కందం లాంటివి) ఉపజాతుల్లోనూ (ఆటవెలది, తేటగీతి లాంటివి) గణ సంఖ్య. ఇవి కలిపేస్తే మంచి యతి కూడా తప్పుగా కనిపిస్తుంది.

ప్రాస

ప్రతి పాదంలో రెండో అక్షరం హల్లు ఒకటే కావాలి. అచ్చు మారొచ్చు. ప్రాసాక్షరం ద్విత్వమైతే అన్నిట్లో అదే ద్విత్వం, సంయుక్తమైతే అదే సంయుక్తం, ముందు సున్న ఉంటే అన్ని చోట్లా సున్న. ఇంకో మెలిక ఉంది: మొదటి పాదం లఘువుతో మొదలైతే నాలుగూ లఘువుతోనే మొదలవ్వాలి, గురువైతే నాలుగూ గురువే.

ఉప, విప, నప, నెప. ప్రాస పకారం. నాలుగు పాదాలూ లఘువుతో మొదలయ్యాయి. కందానికీ వృత్తాలకూ ప్రాస తప్పనిసరి, ఆటవెలదికీ తేటగీతికీ అక్కర్లేదు.

పునరుక్తి: లెక్కపెట్టండి

ఇక్కడి నుంచి నియమం మన చెయ్యి వదిలేస్తుంది. రంగు పెన్సిల్ తీసుకుని, తిరిగి తిరిగి వచ్చే హల్లుల చుట్టూ సున్నలు చుట్టండి. ఊహ మీద "ఇక్కడ పకారం మోగుతోంది" అని రాయకుండా అంకె రాయండి.

ఈ పద్యంలో అక్షరాలు 10, 14, 10, 15, మొత్తం 49. పకారం ఉన్నవి: ఉ"ప", ను"ప". వి"ప", వివరిం"పం"గా. న"ప", ను"ప". నె"ప", నే"ర్ప"రి. పాదానికి కచ్చితంగా రెండు, మొత్తం ఎనిమిది. వాటిలో ప్రాస కోరినవి నాలుగు. మిగతా నాలుగూ అదనం. "వివరింపంగా"లోనిదీ "నేర్పరి"లోనిదీ ప్రాసతో నిమిత్తం లేకుండా పాదం చివరి భాగంలో పడ్డాయి. అందుకే పాదం మొదట్లో వినిపించిన పకారం పాదం ముగిసేలోపు మరోసారి వినిపిస్తుంది.

తర్వాత మాటల పునరుక్తి. మొదటి పాదానికీ మూడో పాదానికీ పది పది అక్షరాలు. తొమ్మిది ఒకటే, మొదటి అక్షరం ఒక్కటే మారింది: ఉ స్థానంలో న. సంధి విప్పితే అ. ఉపకారి కాస్తా అపకారి అయ్యాడు, మనిషి తలకిందులయ్యాడు, చేయాల్సిన పని మాత్రం అదే "ఉపకారము". పద్యం చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క అక్షరం మార్పులో ఉంది. శబ్దం ఎంత తక్కువ మారితే అర్థం అంత పదునుగా మారడం ఇక్కడ చూడాల్సింది.

ఇంకా దగ్గరికి వెళ్లండి. "పకా" అన్న ముక్క ఒక్కో చిన్న పాదంలో రెండుసార్లు వస్తుంది. మొదటిసారి "ఉపకా"తో గణం ముగుస్తుంది, అంటే "కా" గణం చివర ఉంది. రెండోసారి "రికినుప | కారము", అంటే "కా" గణం మొదట పడింది. ఒకే మాట ముక్క రెండుసార్లు తాళంలో వేర్వేరు చోట్ల దిగింది. రెండూ ఒకే చోట దిగి ఉంటే రోకటి పోటులా ఉండేది. పునరుక్తి ఎన్నిసార్లు వచ్చిందన్నదే కాదు, గణంలో ఎక్కడ దిగిందో కూడా రాసుకోవాలని చెప్పడం ఇందుకే.

అలంకారం పేరు గురించి ఒక మాట. హల్లు పదేపదే వస్తే వృత్త్యనుప్రాస. అర్థం వేరైన హల్లుల జంట వెంటవెంటనే వస్తే ఛేకానుప్రాస, బడిలో చెప్పే "వంద వందనాలు" లాగా. శబ్దమూ అర్థమూ ఒకటే అయి తాత్పర్యం మారితే లాటానుప్రాస: "అమ్మ వండిన అన్నమే అన్నం" అన్నప్పుడు రెండో అన్నానికి "తినదగ్గది" అనే భావం. అక్షరాల గుంపు అదే అయి అర్థం వేరైతే యమకం. పేర్లు తెలిసుండటం మంచిదే. కానీ "ఇందులో వృత్త్యనుప్రాస కలదు" అని రాసి చేతులు దులుపుకుంటే చదివేవాడికి ఒరిగేదేమీ లేదు. ఏ హల్లు, ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ, అందులో ఎన్ని నియమం కోసం వచ్చాయి అన్నవి ముందు, పేరు చివర.

ఆటవెలది: దాక్కున్న యతి

వేమన పేర నోళ్లలో నిలిచిన ఆటవెలది తీసుకుందాం.

ఉప్పు కప్పురంబు నొక్కపోలికనుండు
చూడచూడ రుచుల జాడవేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

సూర్యగణాలు రెండు: న (లలల), గల. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యులు, రెండు ఇంద్రులు. రెండు, నాలుగు పాదాల్లో ఐదు సూర్యులు. తేటగీతి అయితే నాలుగు పాదాలూ ఒకటే: ఒక సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు, ఇద్దరు సూర్యులు.

ఉప్పు | కప్పు | రంబు | నొక్కపో | లికనుండు : గల, గల, గల, ర, సల
చూడ | చూడ | రుచుల | జాడ | వేరు : గల, గల, న, గల, గల
పురుషు | లందు | పుణ్య | పురుషులు | వేరయా : న, గల, గల, నల, ర
విశ్వ | దాభి | రామ | వినుర | వేమ : గల, గల, గల, న, గల

ఇక్కడ గణాల పొడవు మారుతుంది కాబట్టి కందంలోలా మాత్రలు కొలిచి కోయలేం. మూడో పాదంలో "పురుషులం" అని నగం కింద తీసుకున్నారనుకోండి. మిగిలింది "దు పుణ్య...", అంటే ల గ. సూర్యగణం గానీ ఇంద్రగణం గానీ ల గ తో మొదలవదు. కాబట్టి కోత తప్పు, వెనక్కి వెళ్లి "పురుషు" దగ్గర కోయాలి. ఈ ఒక్క గుర్తు ఉపజాతి పద్యాల్లో బోలెడు తంటా తప్పిస్తుంది: మిగిలిన ముక్క లఘువు, ఆ వెంటనే గురువుతో మొదలైతే ముందు గణాన్ని మళ్లీ కోయండి.

యతి నాలుగో గణం మొదట. మొదటి పాదంలో "ఉ", "నొ". ఉకారానికీ నకారానికీ మైత్రి ఏమిటి? సంధి విప్పండి: "కప్పురంబున్ + ఒక్క". నకారం పక్క మాట నుంచి వచ్చి చేరింది, లోపల దాక్కున్నది ఒకారం. ఉ, ఒ ఒకే జట్టు. యతి చెల్లింది. మొదట్లో సంధిని చెరపకూడదని చెప్పింది ఇందుకే.

రెండో పాదంలో "చూ", "జా". చ, జ కలుస్తాయి గానీ ఊ, ఆ కలవవు. యతి తప్పిందా? లేదు. "చూడ", "జాడ" రెంటిలోనూ రెండో అక్షరం డ, ముందున్న అక్షరం రెంటిలోనూ గురువే. ఇది ప్రాసయతి. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో యతికి బదులు దీన్ని వాడుకోవచ్చు, కందంలోనూ వృత్తాల్లోనూ చెల్లదు. మూడు, నాలుగు పాదాల్లో పు–పు, వి–వి. వివరించే పని లేదు.

ఇక నియమం అడగని సంగతులు. మొదటి పాదంలో "ఉప్పు", "కప్పు" పక్కపక్క గణాలు, రెంటిలోనూ "ప్పు". ప్రాస అక్కర్లేని పద్యంలో, ఒకే పాదం లోపల, ఒకేలా కనిపించే రెండు వస్తువులకు ఒకేలా వినిపించే రెండు గణాలు. రెండో పాదంలో "చూడచూడ" ఆమ్రేడితం. గణానికొక "చూడ" సరిగ్గా సరిపోయింది. మూడో పాదంలో పు అక్షరం ఒకటి, మూడు, నాలుగు గణాల మొదట్లో ఉంది. యతి కోరింది ఒకటి, నాలుగు మాత్రమే. మూడోది "పుణ్య", పద్యానికి గుండెకాయ లాంటి మాట.

ఐదో గణాలను నిలువుగా చదవండి: వేరు, వేరయా, వేమ. చివరి మూడు పాదాల ఆఖరి గణాలూ "వే" తోనే మొదలయ్యాయి. మకుటంలోని "వేమ" ముందే స్థిరపడిన మాట, దాన్ని కవి ఈ పద్యం కోసం ఎంచుకోలేదు. "వేరు" మాటను పైన రెండుసార్లు అదే చోట పెట్టడం వల్ల ఆ మకుటం అతికించినట్టు కాక లోపలి నుంచి మొలిచినట్టు వినిపిస్తుంది. గణాలను అడ్డంగానే కాక నిలువుగా కూడా చదవడం అలవాటు చేసుకోండి. ఇలాంటివి అలాగే దొరుకుతాయి.

గేయం: నియమం లేని చోట

గురజాడ దేశభక్తి గేయంలో మొదటి చరణం:

దేశమును ప్రేమించుమన్నా
మంచి అన్నది పెంచుమన్నా
వట్టిమాటలు కట్టిపెట్టోయ్
గట్టిమేల్ తలపెట్టవోయ్

ఇది ముత్యాలసరం నడక. ఏడు మాత్రల ముక్కలు, ప్రతి ముక్క లోపల మూడు, నాలుగు. మొదటి మూడు పాదాలకు 14 మాత్రలు, నాలుగోది పొట్టి.

దేశమును ప్రే | మించుమన్నా
మంచి అన్నది | పెంచుమన్నా
వట్టిమాటలు | కట్టిపెట్టోయ్
గట్టిమేల్ తల | పెట్టవోయ్

"దేశమును ప్రేమించు" దగ్గర ఆగండి. "ను" పక్కన "ప్రే" ఉందని గురువు వేస్తే ముక్కకు ఎనిమిది మాత్రలు వస్తాయి, తాళం తప్పుతుంది. విడి మాటలు కాబట్టి "ను" లఘువు. దే(2) శ(1) ము(1) ను(1) ప్రే(2): ఏడు. ఇంతకుముందు చెప్పిన నాలుగో చిక్కు ఇదే. నాలుగో పాదంలో చివరి ముక్కకు ఐదు మాత్రలే. తగ్గిన రెండు మాత్రలను పాడేవాళ్లు "వోయ్" సాగదీసి నింపుతారు.

యతి నియమం, ప్రాస నియమం ఈ కొలతలో లేవు. కాబట్టి కనబడే ప్రతి కలయికా కవి వేసిందే. ముక్కల మొదళ్లు వరుసగా చూడండి: మించు, మంచి, పెంచు. మూడింట్లో సున్న, చకారం. తర్వాత వట్టి, కట్టి, గట్టి, పెట్ట. చివరి రెండు పాదాల్లో నాలుగు ముక్కల్లోనూ రెండో అక్షరం టకార ద్విత్వమే, మధ్యలో "పెట్టోయ్" అదనం. మొదటి రెండు పాదాలు సున్నతో మెత్తగా, తర్వాతి రెండూ ద్విత్వంతో గట్టిగా. "మించు" అసలు "ప్రేమించు"కు తోక. కళ్లతో చదివితే ఆ ప్రాస కనిపించదు. తాళం మాటను అక్కడ కోస్తేనే వినిపిస్తుంది. అందుకే ముక్కలు కోయకుండా ప్రాస వెతకకూడదు.

అంత్యప్రాసలో "మన్నా", "మన్నా" ఒకే మాట. అది ప్రాస కాదు, పునరుక్తి. కింద "కట్టిపెట్టోయ్", "తలపెట్టవోయ్" ఇంకో రకం: క్రియ "పెట్టు" ఒకటే, కానీ కట్టిపెట్టడం అంటే మానేయడం, తలపెట్టడం అంటే పూనుకోవడం. ఒకే ధాతువు ఎదురెదురు దిక్కులకు పోయింది. ప్రాస గురించి రాసేటప్పుడు శబ్దం కలిసిందని చెప్పి ఊరుకోకుండా, కలిసిన మాటలు అర్థంలో దగ్గరవా, ఎదురా, సంబంధం లేనివా అన్నది కూడా రాయండి.

రాసేటప్పుడు

సేకరించిందంతా కుమ్మరించకండి. ఛందస్సు పేరు, గణవిభజన, యతిస్థానాలు ఒక చిన్న పేరాలో తేల్చేయండి. నియమం పాటించాడని చెప్పడం వార్త కాదు. మిగతా చోటంతా నియమం అడగకపోయినా వచ్చిన వాటికి ఇవ్వండి. కందం గురించి ఇలా రాయొచ్చు: "ఈ కందంలో పకారప్రాస. రెండో పాదంలో వి–వి, నాలుగో పాదంలో నె–నే యతులు. రెండు సగాల్లో మొదటి ఆరు గణాలు ఒకటే. మూడో పాదం మొదటి పాదాన్ని ఒక్క అక్షరం మార్పుతో తిరిగి చెబుతుంది. పాదానికి రెండు చొప్పున వచ్చిన ఎనిమిది పకారాల్లో ప్రాసకు అవసరమైనవి నాలుగే." ఐదు వాక్యాలు. ప్రతిదీ వేలు పెట్టి చూపించగలిగింది.

రాయకూడనివీ ఉన్నాయి. "సగణం వల్ల దయాభావం కలిగింది", "పకారం ఔదార్యానికి సంకేతం" లాంటివి. గణానికి భావం ఉండదు. అదే సగణం తిట్టు పద్యంలోనూ వస్తుంది.

చివరగా ఒక పరీక్ష: మాట మార్చి చూడటం. ఒక మాట తీసేసి అదే గణానికి సరిపోయే ఇంకో మాట పెట్టండి, ఏం విరుగుతుందో చూడండి. కందం నాలుగో పాదంలో "నేర్పరి" బదులు "ధీరుడు" పెడితే గణం చెడదు, రెండూ భగణాలే. అర్థమూ నడుస్తుంది. కానీ నె–ధీ యతి పోతుంది. పాదం మొదట "నెప" ఉండాలంటే ప్రాస పకారం కోరుతుంది, యతి నకారం కోరుతుంది. ఒక్క మాట మీద రెండు కట్లు. అయితే "నెపము" ముందు తట్టి "నేర్పరి" దాని వెంట వచ్చిందా, లేక అపకారికి ఉపకారం చేయడాన్ని మంచితనం అనకుండా నేర్పు అనాలన్నదే కవి మొదటి ఊహా? గణాలు దీనికి జవాబు చెప్పవు. మీ కాగితం అంచున ప్రశ్న గుర్తు వేసి, అదే శతకంలో ఇంకో పది కందాల్లో "సుమతీ"కి ముందు గణంలో ఏ మాటలు పడ్డాయో చూడండి.